పెదనాన్న చెప్పిన అబద్ధం

చక్రవర్తి కాళ్లకు జోళ్లు తొడిగే పని సిసినియోస్‌ది. ఎర్రతోలు జోళ్లు అవి. రాజ్యం మొత్తంలో ఒక్క మనిషి తప్ప ఇంకెవరూ వేసుకోకూడనివి. పొద్దున్నే వాటిని కుంపటి పక్కన పెట్టి, తోలు మెత్తబడ్డాక లోపలికి చెయ్యి పోనిచ్చి, ఎక్కడైనా కుట్టు పైకి లేచిందేమోనని వేళ్లతో తడిమి చూసేవాడు. చక్రవర్తి అతని సొంత తమ్ముడు మరియానోస్. ఆ తమ్ముడి ఎడమ మడమ మీద పాత బాణం దెబ్బ ఉంది. దానికి ఏదైనా ఒరుసుకుంటే ఆ రోజంతా కొలువులో అందరికీ చీవాట్లే.

ఆ ఉదయం మరియానోస్ కుడికాలు చాపాడు. ఎడమకాలు చాపలేదు.

సిసినియోస్ ఒక మోకాలు నేలకు ఆనించి, జోడు చేతిలో పట్టుకుని ఎదురు చూశాడు. గదిలో ఇద్దరే ఉన్నారు. ఇద్దరే ఉన్నప్పుడు తమ్ముడు అతన్ని పదవి పేరుతో పిలవడు.

"అన్నయ్యా, పెంతెకొస్తు పండక్కి చిన్నవాడికి కిరీటం పెట్టిస్తున్నాను."

"మంచిది. రాణి సంతోషిస్తుంది."

"ఆమె సంతోషం సంగతి కాదు. మొన్న పందేల మైదానంలో అరుపులు విన్నావుగా."

సిసినియోస్ విన్నాడు. మరియానోస్ పెద్దకొడుకు త్రిఫోన్ గుర్రం మీద మైదానంలోకి రాగానే సిపాయిలు లేచి నిలబడి వాడి పేరు అరిచారు. పేరు ముందు చక్రవర్తి అన్న మాట చేర్చి మరీ అరిచారు. త్రిఫోన్ పఫ్లగోనియా పల్లెలో, మరియానోస్ ఒట్టి దళనాయకుడిగా ఉన్న రోజుల్లో, మొదటి భార్యకు పుట్టినవాడు. ఆమె పురిట్లోనే పోయింది. చిన్నవాడు ఇప్పటి రాణి యుప్రాక్సియా కొడుకు. రాజుల బిడ్డలు మాత్రమే పుట్టే ఎర్రరాతి గదిలో పుట్టాడు. ఇంకా పాలు మానలేదు.

"వాడు ఏమీ అనలేదు తమ్ముడూ. వాళ్లు అరిచారు."

"అరిచినవాళ్లను నేనేమీ చెయ్యలేను. అంతమందీ నా సైన్యమే." మరియానోస్ మోకాలు రుద్దుకున్నాడు. "యుప్రాక్సియా మనుషులు వాడి కళ్లు తీయించమంటున్నారు. నేను ఒప్పుకోలేదు. నా కొడుకు వాడు. కానీ ఒంట్లో ఏదో ఒక లోపం ఉంటే తప్ప, సింహాసనం మీద వాడికి హక్కు లేదని జనం నమ్మరు. అమ్మ ఇంకో దారి చెప్పింది."

"ఏం దారి?"

మరియానోస్ అన్న వైపు చూశాడు. చూసి, కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

"నీలాగా," అన్నాడు.

కుంపట్లో బొగ్గు చిట్లింది. చిన్నతనంలోనే బీజాలు కోయించి కొలువులో చేర్చారు సిసినియోస్‌ను. అతని చేతిలో జోడు అలాగే ఉంది.

"నీకేం తక్కువైంది చెప్పు. ఈ భవనంలో నీ మాట లేకుండా ఒక్క తలుపు తెరుచుకోదు. ఒక్కరోజైనా నువ్వు దిగులుగా కూర్చోవడం నేను చూళ్లేదు. వాడూ అంతే, నీ చేతిలో పెరిగినవాడు. ప్రాణం ఉంటుంది, కళ్లు ఉంటాయి. వైద్యుడు పనితనం తెలిసినవాడు, ముందుగా నల్లమందు ఇస్తాడు. నువ్వు పక్కనుంటే వాడు భయపడడు. అందుకని నువ్వే తీసుకెళ్లాలి."

ఎవరైనా కష్టమైన మాట అన్నప్పుడు సిసినియోస్ ముఖం, అతను చెప్పకుండానే, ఒక చిన్న చిరునవ్వు పెట్టుకునేది. చిన్నప్పటి నుంచీ అంతే. ఇప్పుడూ పెట్టుకుంది. ఆ నవ్వు చూసి మరియానోస్ బరువు దిగినట్టుగా ఊపిరి వదిలి, ఎడమకాలు చాపాడు.

సిసినియోస్ జోడు తొడిగాడు. పట్టీ లాగి కట్టాడు. మడమ దగ్గర వేలు దూర్చి చూశాడు.

"ఒరుసుకుంటోందా?"

"లేదు. బాగుంది."

త్రిఫోన్ గుర్రాలశాల వాకిట్లో చొక్కా చేతులు పైకి మడిచి ఆడగుర్రాన్ని రుద్దుతున్నాడు. సాయీసులు ఆ పని తాము చేస్తామని రోజూ అంటారు. రోజూ వాళ్లను తరిమేస్తాడు.

"పెదనాన్నా, ఇటు వెలుతుర్లోకి రా. ఇది చూడు." గడ్డం పైకెత్తాడు. "మీసమా, మసా?"

సిసినియోస్ దగ్గరికి వంగి చూశాడు. పైపెదవి మీద పీచుపీచుగా ఏదో నల్లగా ఉంది. "మసి అయితే కడిగితే పోతుంది."

"పొద్దున్నించీ కడుగుతూనే ఉన్నాను. పోవడం లేదు." కుర్రవాడు పగలబడి నవ్వాడు. "ఒకసారి గొరిగిస్తే గట్టిగా వస్తుందట, నిజమేనా? నీకేం తెలుస్తుందిలే..."

అని ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అలా అనాలని కాదు పెదనాన్నా."

"తెలుసు. ఆ రెండో కుంచె ఇటివ్వు."

పట్టుచొక్కా చేతులు మడుచుకుని, గుర్రానికి అవతలి వైపు నిలబడి, మెడ నుంచి కిందికి రుద్దడం మొదలుపెట్టాడు. ఇద్దరి మధ్యా గుర్రం. ఒకరి ముఖం ఒకరికి కనపడదు. త్రిఫోన్‌కు అలాగే బాగున్నట్టుంది.

"ఒక మాట చెప్తాను. నవ్వకూడదు."

"నవ్వు ఆపుకోవడానికేగా నన్ను కొలువులో పెట్టుకుంది."

"సేనాపతి గారి రెండో అమ్మాయి. థెక్లా. చర్చిలో పైన ఆడవాళ్ల వసారాలో నిలబడుతుందే, ఆ పిల్ల. కొవ్వొత్తి వంచి నా మెడ మీద మైనం చుక్క పడేసింది."

"చెయ్యి వణికి పడి ఉంటుంది."

"మళ్లీ ఆదివారం కూడా పడింది. నేను చోటు మారి నిలబడితే అక్కడా పడింది." కుంచె కాసేపు ఆగింది. "నాన్నతో నువ్వు మాట్లాడు. నేనడిగితే కసురుతాడు. నువ్వడిగితే కాదనడు."

సిసినియోస్ గుర్రం పొట్ట కింద అంటుకున్న ఎండుమట్టిని గోటితో గీకాడు.

"ఏం పెదనాన్నా, మాట్లాడవూ?"

"మాట్లాడతాను."

"పిల్లలు పుడితే మటుకు నువ్వే పెంచాలి, ఇప్పుడే చెప్తున్నా. నాన్న పెంచితే ఒక్కొక్కడూ దండు ముందు నిలబడ్డట్టు కేకలేస్తాడు." మళ్లీ నవ్వాడు. "తమ్ముడికి కిరీటం పెడతారటగా. ఆ తల ఎంతుందని? జారి మెళ్లో పడుతుంది. అయినా మైదానంలో వాళ్లు అరిచింది ఎవరి పేరనుకున్నావు?"

"ఆ మాట ఇంకెక్కడా అనకు."

"నీ దగ్గరేగా అన్నాను."

సిసినియోస్ కుంచె పక్కన పెట్టి, గుర్రం నీళ్ల తొట్లోనే చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే తల్లి ఉండే మేడ వైపు నడిచాడు.

అనస్తాసో సముద్రం వైపు వసారాలో నేల మీద కూర్చుని పచ్చి చిక్కుళ్లు వలుస్తోంది. చక్రవర్తి తల్లి అయ్యి ఇన్నాళ్లయినా తన తిండి తనే వండుకుంటుంది. వెనకాల పనివాళ్లు నవ్వుకుంటారని ఆమెకు తెలుసు. లెక్కచెయ్యదు.

సిసినియోస్ పక్కన కూర్చుని ఒక గుప్పెడు కాయలు ఒళ్లోకి తీసుకున్నాడు.

"తమ్ముడు చెప్పాడా?" అందామె.

"చెప్పాడు."

"మరి మొహం అట్టా పెట్టావేంటి? నేను గానీ నోరు తెరవకపోతే ఈపాటికి పిల్లోడి కళ్లు పోయేవి. కాల్చిన ఊచలు తెచ్చేవోళ్లు. కళ్లు పోయినోళ్లు ఎంతమంది బతికి బట్టకట్టారు? చీము పట్టి పోతారు."

"ఇదీ అంతేనమ్మా."

"నువ్వు పోలేదుగా."

కాయ చీల్చి, గింజలు గిన్నెలోకి, తొక్క బుట్టలోకి. ఇద్దరి చేతులూ ఒకేలా పనిచేస్తున్నాయి. ఆ పని అతనికి నేర్పింది ఆమే.

"నన్ను కోసిన రోజు ఆ గదిలో నాతోపాటు ఇంకా ఇద్దరు పిల్లలున్నారు. నీకు తెలుసా?"

"ఎవురు?"

"ఒకడు కుండలు చేసేవాళ్ల పిల్లాడు. గోళ్లల్లో ఇంకా మట్టి ఉంది. నా పక్కనే పడుకోబెట్టారు. నీళ్లు కావాలని ఏడ్చేవాడు. గాయం ఒక దారికి వచ్చేదాకా నీళ్లు ఇవ్వకూడదట, అది వాళ్ల పద్ధతి. తెల్లారేసరికి వాడు అడగడం మానేశాడు. రెండోవాడు కూడా, ఆ సాయంత్రానికి." సిసినియోస్ గొంతు మామూలుగానే ఉంది. "అడగడం మానేస్తే చచ్చిపోతారు కామోసు అనుకున్నాను. అందుకని ఓపిక లేకపోయినా నీళ్లు, నీళ్లు అంటూనే ఉన్నాను. అలా బతికాను."

అనస్తాసో చేతిలో కాయ సగం చీలి ఆగిపోయింది.

"నాకెవరూ చెప్పలేదు."

"నిన్ను పిలిచాను కూడా."

"ఇన్నాను." ఆమె సముద్రం వైపు చూస్తోంది. "వాకిట్లోనే ఉన్నా. చెవులు మూసుకున్నా. పొలం పోయింది, మీ నాన్న పోయాడు. ఒక్కడన్నా రాజుగారి కొలువులో చేరితే ఇద్దరూ బతుకుతారన్నారు. పెద్దోడివి నువ్వే. ఆ వయసులో అయితేనే తట్టుకుంటారన్నారు." అతని వైపు తిరిగి, "మరి ఇన్నేళ్లూ ఒక్క మాటన్నా చెప్పలేదేంరా?" అంది.

"ఎప్పుడు ఇంటికొచ్చినా గుమ్మంలోనే అడిగేదానివి, బాగున్నావా నాయనా అని. బాగాలేనంటే ఆ పూట నువ్వు ముద్ద ముట్టవని తెలుసు. బాగున్నానని చెప్పాను. ఆ తరవాత అదే అలవాటైపోయింది. త్రిఫోన్ పుట్టినప్పుడు నా ఒళ్లో పెట్టి, వీడు నీ బిడ్డేరా అన్నావు. నేను గొడ్లపాకలోకి పోయి కూర్చున్నాను. పెదనాన్న అయిన సంబరం పట్టలేక పోయాడని ఊరంతా చెప్పుకున్నావు."

"సంబరం కాదా?"

"సంబరమే. అది ఒక్కటే కాదు."

ఆమె చేతిలోని సగం చీలిన కాయను వేళ్ల మధ్య తిప్పుతోంది.

"ఇందాక వాడు నాకు మీసం చూపించాడమ్మా. వెలుతుర్లోకి పిలిచి మరీ చూపించాడు." సిసినియోస్ మాట మొదటిసారి తడబడింది. "నువ్వు బాధపడతావని నేను బాగున్నానన్నాను. ఇప్పుడు ఆ మాట పట్టుకునే వాణ్ని కొయ్యమంటున్నావు."

అనస్తాసో మళ్లీ వలవడం మొదలుపెట్టింది. గింజలు బుట్టలో పడేస్తోంది, తొక్కలు గిన్నెలో వేస్తోంది. సిసినియోస్ గిన్నెలోంచి తొక్కలు ఏరి అవతల పెట్టాడు. ఆమె మళ్లీ వేసింది. అతను మళ్లీ ఏరాడు.

చివరికి ఆమె ఒళ్లోని కాయలన్నీ నేల మీదికి దులిపేసింది.

"ఆ కర్ర ఇటివ్వు. నన్ను లేపు."

మర్నాడు మధ్యాహ్నం చక్రవర్తి లోపలి గదిలో నలుగురే ఉన్నారు. దాసీలను బయటికి పంపేశారు. రాణి యుప్రాక్సియా పసివాణ్ని తనే ఎత్తుకుని కూర్చుంది. వాడు ఆమె మెడలో ముత్యాల పేట పట్టుకుని నోట్లో పెట్టుకుంటున్నాడు. అనస్తాసో కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడే చెప్పింది. సిసినియోస్ వసారాలో చెప్పినదంతా, కుండలవాళ్ల పిల్లాడి గోళ్లలో మట్టితో సహా చెప్పింది. మరియానోస్ కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడ్డాడు.

"నేను చెప్పింది తప్పు," అంది ముసలామె చివరికి. "అది దయనుకున్నా. కాదంట."

యుప్రాక్సియా పసివాణ్ని ఒళ్లో సర్దుకుంది. మాట్లాడినప్పుడు గొంతు పెంచలేదు.

"అత్తయ్యా, నేను రాక్షసిని కాను. మా నాన్న రాజ్యం చేసేటప్పుడు మా బాబాయిని ఏమీ చెయ్యకుండా వదిలేశాడు. ఆ బాబాయే తిరిగొచ్చి మా తమ్ముళ్లిద్దరినీ గోనెసంచుల్లో కట్టి సముద్రంలో వేయించాడు. ఆడపిల్లనని నన్ను వదిలారు. వీడు మా పెద్దతమ్ముడిలాగే నిద్రపోతాడు, ఒక చెయ్యి పైకెత్తి. కోత వద్దు, సరే. కళ్లు వద్దు, సరే. వీడు బతికే దారి ఏదో మీరే చెప్పండి."

"సన్యాసం," అన్నాడు సిసినియోస్.

"జుట్టు మళ్లీ పెరుగుతుంది బావగారూ."

"పట్టుకుని గొరిగితే పెరుగుతుంది. చర్చిలో అందరి ముందూ తన చేత్తో కత్తెర అందించి, తన నోటితో మాటిస్తే ఇక తిరిగి రాలేడు. మఠం వదిలి పారిపోయి వచ్చినవాణ్ని సిపాయిలు కూడా భుజాలకెత్తుకోరు."

"మొన్ననే పేరు అరిపించుకున్నవాడు ఒప్పుకుంటాడా?"

"నేను ఒప్పిస్తాను."

యుప్రాక్సియా పసివాడి నోట్లోంచి ముత్యాలు మెల్లిగా లాగి, తన పైబట్ట కొసతో వాడి చొంగ తుడిచింది.

"అయితే నా షరతులు వినండి. మీరు వాడితో మఠం ఉన్న దీవికి వెళ్లకూడదు. మీరు పక్కనుంటే ఈ కోట తాళాలన్నీ వాడి చేతిలో ఉన్నట్టే. ఇంకొకటి. వాడి తండ్రి ఏం చేయించబోయాడో వాడికి ఎప్పటికీ తెలియకూడదు. కన్నతండ్రే తనను కోయించబోయాడని తెలిసిన కొడుకు మఠంలో ఊరికే కూర్చోడు. కోపం ఎవరో ఒకరి మీద ఉండక తప్పదు. అది చక్రవర్తి మీద మాత్రం ఉండకూడదు."

సిసినియోస్ తమ్ముడి వైపు చూశాడు. ఆ వీపు అతనికి బాగా తెలుసు. రోజూ దాని మీద అంగీ సర్దేవాడు. ఇప్పుడు ఆ భుజాలు రెండూ ముందుకు కుంగి ఉన్నాయి.

"అన్నయ్యా," అన్నాడు మరియానోస్ తిరక్కుండానే. "వాడు నా కత్తి ఒర పట్టుకుని నడక నేర్చుకున్నాడు. వాడికి తెలియనివ్వకు."

"తెలియనివ్వను."

"ఇంకో మాట. రేపటి నించి పొద్దున పనులు ఇంకెవరికైనా అప్పగించు. నువ్వు కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో."

తల్లి మాట్లాడడం మొదలుపెట్టినప్పటి నుంచీ మరియానోస్ ఒక్కసారైనా అన్న ముఖం చూడలేదు. సిసినియోస్ కాస్త ఆగాడు, చూస్తాడేమోనని. తరవాత పద్ధతి ప్రకారం నేలకు వంగి నమస్కరించి, వెనక్కి నడుచుకుంటూ గది దాటాడు.

త్రిఫోన్ గది ముందు ఈటెలవాళ్లు నిలబడ్డారు. లోపలికి అడుగుపెట్టగానే కుర్రవాడు ఎదురొచ్చాడు.

"వీళ్లెవరు పెదనాన్నా? గుర్రాల దగ్గరికి కూడా పోనివ్వడం లేదు. నాన్నకు చెప్పు."

"నేనే పెట్టించాను."

త్రిఫోన్ నవ్వబోయాడు. పెదనాన్న ముఖం చూసి మానేశాడు.

సిసినియోస్ కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఆదివారం నాడు చర్చిలో సన్యాసం తీసుకోవాలని, ఆ తరవాత దీవి మీది మఠానికి వెళ్లాలని చెప్పాడు. కత్తెర తన చేత్తో అందించాలని, ఎవరూ బలవంతపెట్టలేదని అందరికీ వినపడేటట్టు చెప్పాలని చెప్పాడు.

"ఎవరి మాట ఇది? రాణిదా?"

"కాదు. నాది."

"నాన్నకు తెలుసా?"

"తెలుసు. చాలాసేపు ఒప్పుకోలేదు. నేనే ఒప్పించాను."

"ఎందుకు?"

దారిపొడవునా కూర్చుకున్న మాటలు అప్పజెప్పాడు. "ఎర్రరాతి గదిలో పుట్టినవాడు ఉండగా పల్లెలో పుట్టినవాడు పోటీగా ఉండడం రాజ్యానికి క్షేమం కాదు. ఇద్దరు వారసులుంటే రెండు సైన్యాలవుతాయి. ఎవరో ఒకరు తప్పుకోవాలి."

"నాతో ఆ గొంతుతో మాట్లాడకు," అన్నాడు త్రిఫోన్. "అది రాయబారులతో మాట్లాడే గొంతు."

సిసినియోస్ తలుపు దగ్గరికి వేశాడు.

"థెక్లా సంగతి నాన్నతో మాట్లాడతానన్నావు."

"మాట్లాడలేదు."

"గుర్రం దగ్గర నిలబడ్డప్పుడే ఇది నీ మనసులో ఉందా?"

"ఉంది."

అది అబద్ధం కాదు. కుర్రవాడు మంచం మీద కూర్చున్నాడు. రెండు అరచేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, వాటినే చూసుకుంటూ ఉండిపోయాడు. బయట ఈటెల మొన ఒకటి గోడకు తగిలి చప్పుడైంది.

"అర్థమైంది," అన్నాడు చివరికి. "నీకు లేనిది నాకు మటుకు ఎందుకుండాలి అనుకున్నావు. పెళ్లీ, పిల్లలూ. నేను ఎదుగుతుంటే చూసి ఓర్చుకోలేకపోయావు. ముఖం మీద మటుకు నవ్వు. నాకు తల్లి లేదని ఎవరైనా అంటే, మా పెదనాన్న ఉన్నాడని చెప్పేవాణ్ని."

సిసినియోస్ ముఖం మీదికి ఆ చిరునవ్వు దానంతట అదే వచ్చేసింది. ఆపుదామనుకున్నాడు. ఆగలేదు.

"నవ్వకు," అన్నాడు త్రిఫోన్. గొంతు సగం మగవాడిది, సగం పసివాడిది. "వాళ్లు నన్ను ఈడ్చుకుపోవక్కర్లేదు. నేనే నడుస్తాను. నువ్వు మటుకు నా పక్కన నడవకు."

అందుకని ఆదివారం నాడు సిసినియోస్ చర్చిలో స్తంభం పక్కన, పనివాళ్ల మధ్య నిలబడ్డాడు. మఠాధిపతి కత్తెరను నేల మీద పడేశాడు. ఇష్టముంటే తీసి ఇమ్మని ఆచారం. త్రిఫోన్ వంగి తీసి ఇచ్చాడు. ముసలాయన మళ్లీ పడేశాడు. త్రిఫోన్ మళ్లీ తీసి ఇచ్చాడు. మూడోసారి కత్తెర తీసుకుని లేచినవాడు అందివ్వకుండా ఆగిపోయాడు. పైన ఆడవాళ్ల వసారాలో ఎవరో కొవ్వొత్తి ఆర్పేశారు. త్రిఫోన్ తల తిప్పి తండ్రి కూర్చున్న ఎత్తైన ఆసనం వైపు చూశాడు. మరియానోస్ అంతమంది ముందూ, కళ్లు తుడుచుకోకుండా, ఏడుస్తున్నాడు. కుర్రవాడు ఆ ఏడుపు చూశాడు. తండ్రికి ధైర్యం చెబుతున్నట్టుగా చిన్నగా తలూపి, కత్తెర అందించాడు.

జుట్టు రాతి నేల మీద చప్పుడు లేకుండా పడింది. సన్యాసులకు గడ్డం గొరగరు. సిసినియోస్‌కు ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అది ఎవరికైనా చెప్పాలనిపించింది. పక్కన దీపాలకు నూనె పోసేవాడొక్కడే ఉన్నాడు.

మర్నాడు పొద్దున పడవ సిద్ధమైంది. రాజుగారి రేవు కాదు. చేపల రేవు. జనం పోగవకుండా ఉంటుందని యుప్రాక్సియా అక్కడ ఏర్పాటు చేయించింది. గాలి దక్షిణం నుంచి వీస్తోంది. హమాలీలు ఉప్పుచేపల పీపాలు మెట్ల మీదుగా దొర్లిస్తున్నారు.

అనస్తాసో పల్లకీ వద్దని కర్రతోనే నడిచి వచ్చింది. సిసినియోస్ ఆమెకు కొంచెం వెనకగా నిలబడ్డాడు. త్రిఫోన్ ఇద్దరు సన్యాసుల మధ్య నల్ల అంగీలో వచ్చాడు. అంగీ ఎవరో పొడుగాటివాడిది, అంచు తడినేల మీద ఈడుస్తోంది. పెదనాన్న ముందు నుంచి, అక్కడ మనిషే లేనట్టుగా దాటి, నానమ్మ దగ్గర మోకరిల్లి ఆమె చెయ్యి కళ్లకద్దుకున్నాడు.

"కాపలావాళ్లు చెప్పారు నానమ్మా. నాకోసం కర్ర పట్టుకుని నాన్న గదికి వెళ్లావట. అడ్డంపడ్డావట. ఈ కోటలో నావైపు మాట్లాడింది నువ్వొక్కదానివే."

ముసలామె నోరు తెరిచింది. ఆమె తలెత్తి పెద్దకొడుకు వైపు చూసింది. అతను తల అడ్డంగా ఆడించాడు, ఎవరికీ కనపడనంత కొద్దిగా.

"చలికి చెవులు కప్పుకో నాయనా," అంది మనవడితో. "తల మీద ఏమీ లేదు ఇప్పుడు."

"కప్పుకుంటాను. నాన్నను జాగ్రత్తగా చూసుకో. నిన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను కోపంగా లేనని చెప్పు."

"చెప్తా."

లేచి పడవెక్కాడు. తెడ్లు పడ్డాయి. రేవు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. కొంత దూరం పోయాక పక్కనున్న సన్యాసి ఏదో అడిగితే, తల తిప్పి జవాబు చెప్పాడు. తరవాత ఆ నల్ల అంగీల్లో వాడిది ఏదో తెలియలేదు.

"పడవ ఆపించు," అంది అనస్తాసో. "నేను చెప్పేస్తా. కొయ్యమన్నది నేను. సరేనన్నది వాడి నాన్న. ఆపింది నువ్వు. ఇంకో పడవ పిలువు, నేనే పోయి చెప్తా."

"వద్దమ్మా."

"వాడు బతికినన్నాళ్లూ నిన్ను తిట్టుకుంటాడురా."

"తిట్టుకోనీ. ఇలాగైతే వాడికి పెదనాన్న ఒక్కడే పోతాడు. నిజం చెప్తే నాన్న పోతాడు, నువ్వూ పోతావు. ఆ దీవిలో తలుచుకోడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా."

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఆ చిరునవ్వు అక్కడే ఉంది, ఎప్పటిలాగే, చక్కగా సర్ది పెట్టినట్టుగా. ఇన్నేళ్లు దాన్ని చూసి స్థిమితపడుతూ వచ్చిన మనిషి, ఇప్పుడు దాన్ని చూడలేక కళ్లు దించుకుంది. తరవాత చేతికర్ర కింద పడేసింది. మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ, ఉప్పునీళ్లతో తడిసిన మెట్టు మీద చతికిలబడింది.

"అమ్మా, పొలుసూ నెత్తురూ, చేపలు కడిగిన మెట్లవి. లే."

"ఇటు కూర్చో."

"అందరూ చూస్తున్నారు."

"చూడనీ. కూర్చో పెద్దోడా."

అతను కూర్చున్నాడు. కొలువు బట్టల తెల్లపట్టు అంచు నీళ్లలో నానింది. ఆమె అతని తల రెండు చేతులతోనూ పట్టుకుని ఒళ్లోకి లాక్కుంది. ఆ చేతులకు వెల్లుల్లి వాసన వస్తోంది.

"ఆ రోజు నేను లోపలికి రాలేదు," అంది. "ఇప్పుడు వచ్చానురా. ఎక్కడ నొప్పో చెప్పు."

సిసినియోస్ ఏదో చెప్పబోయాడు. ముందు అతని భుజాలు కదిలాయి. తరవాత గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. పీపాలు దొర్లిస్తున్న హమాలీలు ఆగి చూశారు. పట్టుబట్టల పెద్దమనిషి ఒకడు ముసలిదాని ఒళ్లో ముఖం పెట్టి, దెబ్బ తగిలిన చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. కాసేపు అలాగే చూసి, వాళ్లు మళ్లీ పీపాలకు చేతులానించారు. ఆ ఇద్దరికీ తగలకుండా, మెట్ల అవతలి అంచున దొర్లించుకుంటూ వెళ్లిపోయారు.